క్రాఫ్ట్ బీర్ మీద ఇష్టాన్ని జీతమొచ్చే పనిగా మార్చుకోవాలంటే: పదేళ్ళకి పైగా బ్రూవరీలో ఉన్నవాడిగా చెప్తున్నా

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెప్తా, తర్వాత చదివేవాళ్ళకి కూడా సంగతి తెలుస్తుంది. నీకు 27, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నావు, నాలుగేళ్ళుగా సెలవు దొరికితే బెంగళూరు, పుణె తిరిగి రకరకాల క్రాఫ్ట్ బీర్లు, అంటే చిన్న బ్రూవరీలు (బీర్ తయారుచేసే చోట్లు) కొద్ది మోతాదులో చేసేవి, రుచి చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నావు. ఇప్పుడు జాబ్ మానేసి లోన్ పెట్టి జర్మనీలో బ్రూమాస్టర్ (బీర్ తయారీకి పెద్ద) కోర్సు చెయ్యాలా, లేకపోతే ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి ఇక్కడే బ్రూపబ్, అంటే బీర్ అక్కడే తయారుచేసి అక్కడే అమ్మే పబ్, పెట్టాలా అని అడిగావు.

రెండూ ఇప్పుడే వద్దు. వద్దని చెప్పి ఊరుకోను, ఎందుకు వద్దో, దానికి ముందు ఏం చెయ్యాలో అంతా చెప్తా, కొంచెం ఓపిగ్గా చదువు. ఈ పనంటే నాకు ప్రాణం, మనవాళ్ళు ఇందులోకి ఇంకా చాలామంది రావాలని నిజంగా కోరుకుంటా, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. మాది గుంటూరు పక్కన పల్లెటూరు. మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చేసి జీడిమెట్లలో ఒక ఫార్మా కంపెనీలో నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో మూడేళ్ళు చేశా. 2014లో బెంగళూరులో ఒక బ్రూపబ్‌లో ట్రైనీగా చేరా, ఎందుకు బెంగళూరు అంటే అప్పటికి హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీ, అంటే చిన్న బ్రూవరీ, లేదు, తెలంగాణలో దానికి రూల్స్ వచ్చిందే 2015లో. ఫార్మాలో 28 వేలు వస్తుంటే అక్కడ 15 వేలకి చేరా. పుణెలో డూలలీ అనే బ్రూపబ్ 2009లో మొదలైంది, బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ 2010లో, అదే ఊళ్ళో ఆర్బర్ 2012లో, అంటే నేను వెళ్ళేసరికి ఈ రంగానికి ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు. అప్పట్లో చాలాచోట్ల బయటి దేశాల నుంచి వచ్చిన బ్రూమాస్టర్లే పెద్ద, వాళ్ళ పక్కన గొట్టాలు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళే ఈరోజు హెడ్ బ్రూవర్లు. నేను కూడా అలా నిలబడ్డవాడినే, 2018 నుంచి హైదరాబాద్‌లోనే ఉన్నా.

ఇక అసలు విషయం. బీర్ తాగడం మీద ఇష్టం వేరు, బీర్ చెయ్యడం మీద ఇష్టం వేరు. నీ దగ్గర మొదటిది బాగా ఉందని నీ నోట్స్ చూస్తే తెలుస్తోంది, రెండోది ఉందో లేదో నీక్కూడా ఇంకా తెలీదు, తెలుసుకునే అవకాశం నీకింకా రాలేదు. అది తెలుసుకోకుండా 15 లక్షలు పెట్టకు. వంట తినడం ఇష్టమని హోటల్ పెట్టినవాళ్ళని చూశాం కదా, ఇదీ అంతే.

ఒక బ్రూ రోజు ఎలా ఉంటుందో చెప్తా. వెయ్యి లీటర్ల బ్యాచ్ అనుకో, మామూలు స్ట్రెంగ్త్ బీర్‌కి 200 కిలోల దాకా మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, కావాలి. 25 కిలోల బస్తాలు ఎనిమిది, పొద్దున ఆరున్నరకి భుజం మీద మిల్లు దగ్గరికి మోసుకెళ్ళాలి. మిల్లులో గింజ పొట్టు పగలాలి గానీ పిండి కాకూడదు, పిండి అయితే తర్వాత నీళ్ళు దిగవు, పొట్టే అక్కడ జల్లెడ. వేడినీళ్ళలో కలిపితే 66, 67 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుతాం, గింజలో ఉన్న పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. తర్వాత ఆ తియ్యటి నీళ్ళు, అదే వర్ట్, కిందికి మెల్లగా దించుకోవాలి, దీనికి గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు, తొందరపడి వాల్వ్ ఎక్కువ తిప్పితే పొట్టు మొత్తం గట్టిపడి బిగుసుకుపోతుంది, ఇక ఆ రోజు సాయంత్రం దాకా దాంతో కుస్తీయే. వర్ట్‌ని కెటిల్‌లో గంట మరిగించి హాప్స్ (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వేసి, గిరగిర తిప్పి మడ్డి మధ్యలోకి చేర్చి, చల్లార్చి ఫెర్మెంటర్‌లోకి, అంటే పులియబెట్టే ట్యాంకులోకి, పంపి ఈస్ట్ వేస్తాం. ఇదంతా చదవడానికి బాగుంటుంది. ఈలోపు మాల్ట్ నానబెట్టిన పాత్రలో, అదే మాష్ టన్‌లో, తడి పిప్పి 200 కిలోలకి పైనే మిగిలి ఉంటుంది, పొగలు కక్కుతూ. దాన్ని పారతో తోడి డ్రమ్ముల్లో నింపాలి, సాయంత్రానికి డెయిరీ ఫామ్ వాళ్ళ ఆటో వస్తుంది, గేదెలకి మంచి దాణా అది, కానీ ఆ రోజే తీసుకెళ్ళాలి, మర్నాటికి పులిసి కంపు కొడుతుంది. మే నెల హైదరాబాద్‌లో ఆ పిప్పి తోడుతుంటే బనీను పిండుకోవచ్చు. తర్వాత కడగడం. కెటిల్ కడగాలి, గొట్టాలు కడగాలి, హీట్ ఎక్స్ఛేంజర్ కడగాలి, నేల కడగాలి.

నా లెక్కలో ఈ ఉద్యోగంలో మూడొంతుల్లో రెండొంతులు కడగడమే. ఫెర్మెంటర్ ఖాళీ అయితే ముందు నీళ్ళు, తర్వాత 2 శాతం కాస్టిక్ సోడా 75 డిగ్రీల మీద, మళ్ళీ నీళ్ళు, తర్వాత యాసిడ్, మళ్ళీ నీళ్ళు, చివర్లో పెరాసిటిక్ యాసిడ్‌తో శానిటైజ్. ఫార్మాలో చేసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు, నాకు అక్కడి నుంచి వచ్చిన పెద్ద ఆస్తి ఇదే, ఎంత రాశానో అంత చేశానని, ఎంత చేశానో అంత రాశానని సంతకం పెట్టే అలవాటు. ఈస్ట్ బతికే చోట మిగతా సూక్ష్మజీవులు కూడా హాయిగా బతుకుతాయి, మనం చేసేదల్లా ఈస్ట్‌కి శుభ్రమైన ఇల్లు కట్టిపెట్టడం, బీర్ చేసేది ఈస్టే, మనం కాదు.

నీళ్ళ సంగతి ఒకటి చెప్పాలి, ఇప్పటికీ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఒక ఎండాకాలం మా దగ్గర బోరు ఎండి ట్యాంకర్ నీళ్ళు తెప్పించాం, ఆ వారం ఆర్‌ఓ ప్లాంట్ మరమ్మతులో ఉంది, కార్బన్ ఫిల్టర్ మీద నడిపాం, ఆ ఫిల్టర్‌లో కార్బన్ ఎప్పుడు మార్చారో రిజిస్టర్‌లో లేదు, నేనూ అడగలేదు. చేసింది వీట్ బీర్, అంటే గోధుమ కలిపిన బీర్, వెయ్యి లీటర్లు. నాలుగో రోజు శాంపిల్ తీసి ముక్కు దగ్గర పెడితే డెటాల్ వాసన, ఆసుపత్రి కారిడార్‌లో నిలబడ్డట్టు. నీళ్ళలో మిగిలిన క్లోరిన్, ఈస్ట్ తయారుచేసే ఫినాల్స్‌తో కలిస్తే క్లోరోఫినాల్ అవుతుంది, అతి కొంచెం ఉన్నా చాలు మనిషి ముక్కు పట్టేస్తుంది, ఎన్నాళ్ళు ఆగినా పోదు. వీట్ బీర్ ఈస్ట్ ఎలాగూ లవంగం వాసన ఫినాల్ ఎక్కువ చేస్తుంది కాబట్టి దెబ్బ రెట్టింపు. మొత్తం రిజిస్టర్‌లో రాసి కాలవలో పోశాం. ఆ రోజు నుంచి ప్రతి బ్యాచ్‌కి ముందు నీళ్ళ క్లోరిన్ టెస్ట్ నేనే చేస్తా, రెండు నిమిషాల పని, ఒక్కరోజు మానలేదు.

ఇంకోటి, ఇది ప్రాణం మీది విషయం కాబట్టి ఎక్కువగా చెప్తా. ఫెర్మెంటర్ ఖాళీ చేశాక లోపల కార్బన్ డయాక్సైడ్ నిండి ఉంటుంది, గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, కదలదు, కనపడదు. కొత్తగా చేరిన హెల్పర్ ఒకడు లోపల పడ్డ రబ్బర్ గ్యాస్కెట్ కోసం మ్యాన్‌హోల్‌లో తల పెట్టాడు. నేను పక్క ట్యాంక్ దగ్గర గేజ్ చూస్తున్నా, వాడి కాళ్ళు అదోలా వేలాడటం కనపడింది, చొక్కా పట్టి లాగేశా. రెండు మూడు నిమిషాలు కూర్చోబెడితే తేరుకున్నాడు. ప్రపంచమంతా బ్రూవరీల్లో ఇలా చనిపోయినవాళ్ళున్నారు, ఒకణ్ణి కాపాడబోయి దిగిన రెండోవాడు కూడా పోయిన సందర్భాలున్నాయి. నువ్వు చేరే చోట కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటర్ ఉందా, ట్యాంక్‌లోకి దిగే పనికి పద్ధతి ఉందా అని మొదటిరోజే అడుగు. ఆ ప్రశ్నకి విసుక్కుంటే అక్కడ చేరకు, జీతం ఎంతైనా సరే.

ఇదంతా విని కూడా చేతులు దురదపెడుతున్నాయి అంటే నీలో రెండో ఇష్టం ఉండే అవకాశం ఉంది. ఇక జాబ్ మానకుండా ఏం చెయ్యొచ్చో చెప్తా.

ఇంట్లో బీర్ పులియబెట్టకు. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు గరాజ్‌లో చేస్తారు, అక్కడ 1978లో చేసిన ఫెడరల్ చట్టంతో హోమ్‌బ్రూయింగ్‌కి అనుమతి వచ్చింది, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. మన దగ్గర మద్యం రాష్ట్రాల సబ్జెక్టు, లైసెన్స్ లేకుండా తయారుచేస్తే ఎక్సైజ్ కేసు, ఇంటికోసం అయినా సరే. కేసు పడితే తర్వాత ఈ రంగంలోనే నీకు తలుపులు మూసుకుంటాయి.

కానీ పులియబెట్టకుండా నేర్చుకోవాల్సింది సగం ఉంది. చిన్నప్పుడు ఇంట్లో రాగి మాల్ట్ తాగే ఉంటావు. మామూలు రాగి పిండి జావ కాస్తే గట్టిగా సంకటిలాగా అవుతుంది, అదే రాగులు మొలకెత్తించి ఎండబెట్టి పట్టించిన పిండి అయితే అంతే నీళ్ళకి పల్చగా, కొంచెం తియ్యగా వస్తుంది, మా అమ్మమ్మ పసిపిల్లలకి అందుకే మొలకల పిండే వాడేది. మొలకెత్తినప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిని కోసి చక్కెర చేస్తాయి. బార్లీ మాల్ట్ కథ కూడా అదే. ఒక పావుకిలో పిల్స్‌నర్ మాల్ట్ (లేత రంగు బార్లీ మాల్ట్) కొను, బరకగా దంచు, ముప్పావు లీటరు నీళ్ళు 70 డిగ్రీలకి వేడిచేసి ఫ్లాస్కులో రెండూ కలుపు, మాల్ట్ చల్లదనానికి 66 దగ్గరికి వస్తుంది. మొదట్లోనే ఒక చుక్క తెల్ల పింగాణీ పళ్ళెంలో వేసి దాని మీద టింక్చర్ అయోడిన్ చుక్క వెయ్యి, నీలం నలుపు అవుతుంది. గంట తర్వాత మళ్ళీ వెయ్యి, అయోడిన్ రంగు మారదు, పిండి మిగల్లేదన్నమాట. ఆ నీళ్ళు నోట్లో పోసుకుని చూడు. ఇంకోసారి 72 దగ్గర చెయ్యి, తేడా రాసుకో. 62 వైపు చేస్తే ఈస్ట్ తినగలిగే చక్కెరలు ఎక్కువొచ్చి బీర్ పల్చగా పొడిగా అవుతుంది, 70 దాటితే తినలేనివి మిగిలి నోట్లో బరువుగా ఉంటుంది. నువ్వు ఇన్నాళ్ళు నోట్‌బుక్‌లో బాడీ బాగుంది అని రాసుకున్నది ఇక్కడ ఈ ఫ్లాస్కులో మొదలవుతుంది. ఇది చేసినప్పుడు నీకు ఒళ్ళు పులకరిస్తే నువ్వు మా మనిషివే.

నాలుక, ముక్కు సాధన కూడా ఇంట్లోనే. పచ్చ సీసాలో వచ్చే లాగర్ (చల్లగా, మెల్లగా పులియబెట్టే రకం బీర్) రెండు కొను, ఒకటి ఎండలో రెండు గంటలు పెట్టు, ఒకటి చీకట్లో ఉంచు, రెండూ చల్లార్చి పక్కపక్కన వాసన చూడు. ఎండ తగిలినదాంట్లో హాప్స్ పదార్థం వెలుతురికి విరిగి ముక్కు తిప్పుకునే వాసన వస్తుంది, గోధుమరంగు సీసాలు వాడేది అందుకే. ఇంకో సీసా వేసవిలో అటక మీద నెల ఉంచితే తడి అట్టపెట్టె వాసన తెలుస్తుంది. తర్వాత మూడు గ్లాసుల ఆట, రెండిట్లో ఒకే బీర్, ఒకదాంట్లో వేరేది, ఇంట్లోవాళ్ళని పొయ్యమని కళ్ళు మూసుకుని వేరేదేదో పట్టుకో. వరసగా పదిసార్లు చేస్తే నీ ముక్కు మీద నీకున్న నమ్మకం ఎంత నిజమో తేలుతుంది. బీర్ పోటీల జడ్జీలకి పరీక్షలు పెట్టే అమెరికా సంస్థ బీజేసీపీ వాళ్ళ 2021 స్టైల్ గైడ్‌లైన్స్ నెట్‌లో ఉచితం, దాన్ని పక్కన పెట్టుకుని తాగితే నోట్స్ రాసే పద్ధతే మారిపోతుంది.

లెక్కలు కూడా చేతికి రావాలి. ఫెర్మెంటేషన్‌కి ముందు గ్రావిటీ (నీళ్ళతో పోలిస్తే ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) 1.048, తర్వాత 1.010 అయితే తేడా 0.038, దాన్ని 131.25తో గుణిస్తే దాదాపు 5 శాతం ఆల్కహాల్. ఇలాంటివి అడిగితే టక్కున చెప్పాలి. నువ్వు టెస్టింగ్ మనిషివి, ఇది నీకు ఇబ్బంది కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. పది రోజులు లీవ్ పెట్టి ఏదో ఒక బ్రూవరీలో ఊరికే పని చేస్తానని అడుగు. వీకెండ్ కాదు, శని ఆదివారాలు పబ్ జనంతో నిండి ఉంటుంది, మేం బ్రూ చేసేది ఎక్కువగా వారం మధ్యలో. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఎన్ని ఉన్నాయో నీకు నాకన్నా బాగా తెలుసు, సాయంత్రం కస్టమర్‌గా కాకుండా పొద్దున పదింటికి వెనక గేటు దగ్గరికి వెళ్ళి బ్రూవర్‌ని కలువు. ఐదుగురు వద్దంటారు, ఆరోవాడు రమ్మంటాడు. నా దగ్గరికి వచ్చినవాళ్ళకి నేను మొదటిరోజు కెగ్గులు, అంటే బీర్ నింపే స్టీల్ పీపాలు, కడగడం ఇస్తా. రుచి గురించి ఏం మాట్లాడాడో పట్టించుకోను. సాయంత్రం నాలుగింటికి నీళ్ళ గొట్టం చుట్టి కొక్కేనికి తగిలించాడా, నేల మీద వదిలేశాడా అన్నది చూస్తా. నేను తీసుకున్న నలుగురిలో ముగ్గురు గొట్టం తగిలించినవాళ్ళే. నాలుగోవాణ్ణి మాటలు విని తీసుకున్నా, ఆరు నెలల్లో వెళ్ళిపోయాడు.

ఇక జీతమొచ్చే దారులు. అందరూ బ్రూమాస్టర్ ఒక్కటే చూస్తారు, కానీ ఒక్కో పబ్‌కి బ్రూవింగ్ టీమ్ అంటే ఇద్దరో ముగ్గురో, సీట్లు తక్కువ. దాని చుట్టూ పని చాలా ఉంది. మాల్ట్, హాప్స్, ఈస్ట్ దిగుమతి చేసి అమ్మే కంపెనీలకి బ్రూయింగ్ తెలిసిన సేల్స్ మనుషులు కావాలి, హాప్స్ మన దగ్గర హిమాచల్‌లో లాహౌల్ లోయలో కొద్దిగా పండుతాయి గానీ క్రాఫ్ట్‌కి వాడేవి దాదాపు అన్నీ అమెరికా, జర్మనీల నుంచే వస్తాయి. స్టీల్ ట్యాంకులు తయారుచేసే ఫాబ్రికేటర్లకి ప్లాంట్ బిగించి మొదటి బ్యాచ్ తీసిచ్చే మనిషి కావాలి. సంగారెడ్డి వైపు ఉన్న పెద్ద బ్రూవరీల్లో క్వాలిటీ ల్యాబులున్నాయి, అక్కడ క్రాఫ్ట్ అనే మాట ఉండకపోవచ్చు, కానీ క్రమశిక్షణ అంటే ఏంటో అక్కడ రెండేళ్ళు చేస్తే తెలుస్తుంది, బెంగళూరులో నాకు నేర్పిన గురువు అలాంటి చోటి నుంచే వచ్చాడు. నీలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంకో దారి కనపడుతోంది నాకు, ఫెర్మెంటర్ ఉష్ణోగ్రతలు, గ్రావిటీ రీడింగులు, స్టాకు, ఎక్సైజ్ రిజిస్టర్లు ఇవన్నీ చాలాచోట్ల ఇంకా కాగితాల మీదే నడుస్తున్నాయి. ఆ పది రోజుల్లో గొట్టం పట్టుకుంటూనే ఇది కూడా గమనించు.

సర్వీస్ వైపు కూడా మంచి భవిష్యత్తు ఉంది, దీన్ని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు, నాకు నచ్చదు. మేం మూడు వారాలు కష్టపడి చేసిన బీర్ ఒక మురికి గ్లాసులో, కడగని ట్యాప్ లైన్‌లోంచి వస్తే అంతా వృథా. గ్లాసు లోపలి గోడకి బుడగలు అంటుకున్నాయంటే దాంట్లో జిడ్డుంది. లైన్లు రెండు వారాలకోసారి కెమికల్‌తో కడగాలి. ఇది తెలిసిన మనిషి, ఏ బీర్ ఏ తిండితో బాగుంటుందో చెప్పగలిగినవాడు పబ్‌కి బంగారం. సిసరోన్ అని అమెరికా సర్టిఫికేషన్ ఉంది, మొదటి మెట్టు సర్టిఫైడ్ బీర్ సర్వర్ పరీక్ష ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో రాయొచ్చు, 60 ప్రశ్నలు, 75 శాతం రావాలి. నువ్వు దాంతో మొదలుపెట్టు, ఖర్చు తక్కువ.

కంటెంట్ చేసి బతుకుదామనుకుంటే మాత్రం జాగ్రత్త. టీవీలో మద్యం ప్రకటనలు కేబుల్ టీవీ రూల్స్ ప్రకారం నిషేధం, మిగతాచోట్ల కూడా ఆంక్షలు ఎక్కువ, బ్రాండ్ డబ్బులతో నడిచే బీర్ ఇన్‌ఫ్లుయెన్సర్ అనే బతుకు ఇక్కడ నిలకడైంది కాదు.

కోర్సుల గురించి. బెర్లిన్‌లో వీఎల్‌బీ వాళ్ళ సర్టిఫైడ్ బ్రూమాస్టర్ ఆరు నెలలు, ఇంగ్లీష్‌లోనే, చాలా గట్టి కోర్సు, నేను గౌరవిస్తా. ఫీజు, అక్కడ ఉండటానికి ఖర్చు కలిపితే 10 లక్షలు బాగా దాటుతుంది. మ్యూనిక్ పక్కన డోమెన్స్, ఎడిన్‌బరోలో హెరియట్ వాట్ యూనివర్సిటీ ఎమ్మెస్సీ, చికాగోలో 1872లో పుట్టిన సీబెల్ ఇవి కూడా పేరున్నవే. కానీ రెండేళ్ళు బ్రూవరీలో చేసి వెళ్ళినవాడు అక్కడ ప్రతి క్లాసులో తన ప్లాంట్‌లో ఎక్కడ తప్పు జరిగిందో గుర్తుపట్టుకుంటాడు, ఏమీ చెయ్యకుండా వెళ్ళినవాడు నోట్స్ రాసుకుంటాడు, ఫీజు ఇద్దరికీ ఒకటే. అందుకని ముందు లండన్ చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూవర్స్ అండ్ డిస్టిలర్స్ వాళ్ళ జనరల్ సర్టిఫికెట్ ఇన్ బ్రూయింగ్ చెయ్యి, ఉద్యోగం చేస్తూ ఇంటి నుంచి చదవొచ్చు. నేను అదే చేశా, రాత్రి పదింటికి కూర్చుని, ఐదు నెలలు పట్టింది.

పబ్ పెట్టే ఆలోచన. మన మైక్రోబ్రూవరీ లైసెన్స్‌కి ప్రాణం ఏంటంటే అక్కడే చెయ్యి, అక్కడే అమ్ము. అంటే నువ్వు పెట్టేది బీర్ ఫ్యాక్టరీ కాదు, పెద్ద రెస్టారెంట్. అద్దె, కిచెన్, పార్కింగ్, సౌండ్ కంప్లైంట్లు, లైసెన్స్ ఫీజు, వంటవాళ్ళు మానెయ్యడం ఇదీ నీ రోజు, ట్యాంకులు ఒక మూల ఉంటాయి. పెట్టుబడి కోట్లలో మాట. నలుగురు స్నేహితులు నాలుగు రకాలుగా ఆలోచించేది మొదటి నష్టం వచ్చినప్పుడు తెలుస్తుంది. సొంత ప్లాంట్ లేకుండా బ్రాండ్ నడపడం ఒక పద్ధతి, బిరా 91 అనే మన బీర్ బ్రాండ్ కూడా 2015లో బెల్జియంలో వేరేవాళ్ళ బ్రూవరీలో చేయించి తెచ్చే మొదలైంది, కానీ అది మార్కెటింగ్, పంపిణీ, ఇన్వెస్టర్ల ఆట, నువ్వు రాసిన ప్రశ్నలో ఆ ఇష్టం నాకు కనపడలేదు. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా అనే బ్రూవరీ పెట్టిన కెన్ గ్రాస్‌మన్ ముందు 1976లో హోమ్‌బ్రూ సామాన్ల కొట్టు పెట్టాడు, తర్వాత పాత డెయిరీ ట్యాంకులు తెచ్చి చాలావరకు తన చేతుల్తోనే బిగించుకుని 1980లో మొదటి బీర్ తీశాడు. ఓనర్ అవ్వాలంటే నాకు నచ్చే దారి అది, ముందు చేతికి పని రావాలి.

ఓనర్ల కింద పనిచేసేటప్పుడు ఒక పోరు ఉంటుంది, ముందే తెలుసుకో. నేను పనిచేసిన ఒకచోట శుక్రవారానికి కొత్త లాగర్ ట్యాప్ మీద ఉండాలని పోస్టర్లు వేసేశారు. గురువారం రెండు శాంపిళ్ళు తీసి ఒకటి 60 డిగ్రీల నీళ్ళలో కాసేపు ఉంచి చల్లార్చి వాసన చూశా, వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన, అంటే డయాసెటిల్ ఇంకా ఉంది, ఈస్ట్‌కి కొంచెం వెచ్చగా ఉంచి ఇంకో మూడు రోజులిస్తే అదే తినేస్తుంది. మూడు రోజులు ఆగమన్నా. కస్టమర్లకి తెలీదులే అన్నారు. నీలాంటివాడు ఒక్కడు ఆ సాయంత్రం వచ్చి తాగి నోట్‌బుక్‌లో ఏం రాసుకుంటాడో నాకు తెలుసు. చివరికి ట్యాప్ మీద పెట్టారు, గ్లాసులు సగం మిగిలి వెనక్కి వచ్చాయి. మూడు నెలల తర్వాత నేను అక్కడ మానేశా. చేరే ముందు ఓనర్‌ని ఒక్క ప్రశ్న అడుగు, ఒక బ్యాచ్ పాడైతే పారబొయ్యమంటారా అని. జవాబుకన్నా ముందు మొహం చూడు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు కొందరు ఇదే నన్ను అడిగారు, వాళ్ళకి కూడా ఒక మాట. ఇంట్లో చెయ్యండి, క్లబ్బుల్లో చేరండి, పోటీలకి పంపండి, అక్కడ నేర్చుకోవడానికి ఉన్నంత సౌకర్యం మనకి లేదు. కానీ హెచ్1బీ మీద ఉండి వీకెండ్ ట్యాప్‌రూమ్‌లో జీతానికి చెయ్యడం కుదరదు, మీ స్పాన్సర్ కంపెనీకి తప్ప ఇంకెవరికి పని చేసినా స్టేటస్ పోతుంది, చిన్న సరదాకి పెద్ద దెబ్బ తగలనివ్వొద్దు.

ఇంట్లో ఎలా చెప్పాలి అని చివర్లో అడిగావు కదా. నేను చెప్పినప్పుడు మా అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. ఎమ్మెస్సీ చదివి సారా కొట్లో పనా అంది. నేను వాదించలేదు, సెలవులకి తీసుకెళ్ళి ప్లాంట్ చూపించా, ల్యాబ్ చూపించా, మైక్రోస్కోప్‌లో ఈస్ట్ కణాలు చూపించా. మాకు ఊళ్ళో కల్లు గీసే పెద్దాయన ఉండేవాడు, లొట్టికి లోపల సున్నం పూస్తే తియ్యటి నీరా దిగుతుంది, పూయకపోతే పొద్దెక్కే కొద్దీ పులిసి కల్లవుతుంది, చిన్నప్పుడు అమ్మే నాకు ఆ సంగతి చెప్పింది. అదే పని అమ్మా, స్టీల్ ట్యాంకులో, లెక్క రాసుకుంటూ చేస్తున్నాం అన్నా. పూర్తిగా ఒప్పుకుందని చెప్పను, కానీ చుట్టాలు అడిగితే ఫలానా చోట చేస్తున్నాడని ఇప్పుడు పేరు పెట్టి చెప్తుంది.

తాగుడు విషయం దాచను. రోజూ శాంపిళ్ళు నోట్లో పడతాయి. నేను పొద్దున చూసేవన్నీ ఉమ్మేస్తా, డ్యూటీలో గ్లాసు పట్టుకోను, వారంలో నాలుగు రోజులు అసలు తాగను, పదేళ్ళుగా ఇదే నియమం. ఈ రంగంలో మంచి పనివాళ్ళు ఇద్దరు దీనికే పాడైపోవడం కళ్ళారా చూశా. నీకు ఇప్పటికే సాయంత్రమైతే తాగకుండా ఉండలేని స్థితి ఉంటే, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే, ఈ పనిలోకి రావద్దు, అన్నగా చెప్తున్నా.

బంగినపల్లి మామిడితో బీర్, అరకు కాఫీతో స్టౌట్ (నల్లటి బీర్), బెల్లంతో ఏల్ (లాగర్ కన్నా వెచ్చగా పులియబెట్టే రకం) చెయ్యాలని ఉందని రాశావు. మంచి ఆలోచనలు, వాటిలో కాఫీ స్టౌట్ మేం ప్రతి చలికాలం చేస్తాం, గింజలు నలక్కొట్టకుండా చల్లటి బీర్‌లో ఒక రోజు నానబెడతాం, అంతకన్నా ఎక్కువైతే పచ్చిమిరపకాయ వాసన మొదలవుతుంది. మామిడి మాత్రం పట్టి చూసుకో, గుజ్జులో చక్కెర ఉంటుంది, ఫెర్మెంటర్‌లోనే వేసి ఈస్ట్‌ని మొత్తం తిననివ్వాలి, కెగ్‌లో వేస్తే లోపల మళ్ళీ పులిసి గ్యాస్ ఎక్కువై ట్యాప్ తిప్పితే నురగే వస్తుంది. ముందు ఏమీ కలపని ఒక మామూలు లేత లాగర్ తప్పు లేకుండా చెయ్యడం నేర్చుకో, దాంట్లో దాచుకోవడానికి చోటుండదు.

మొదటిరోజు బ్రూవరీకి వెళ్ళేటప్పుడు గమ్‌బూట్లు నీ సైజువి కొనుక్కుని వెళ్ళు, అక్కడ దొరికేవి సరిపోవు. చేతికి వాచీ, ఉంగరం తీసెయ్యి. సెంటు కొట్టుకోకు, పక్కన నిలబడి శాంపిల్ వాసన చూసేవాడికి అడ్డం. ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను కాకుండా పెన్సిల్, అక్కడ కాగితం తడవకుండా ఉండదు. పది రోజులయ్యాక ఎలా జరిగిందో ఇక్కడే రాయి, గొట్టం సంగతి కూడా.